చిన్న వ్యాపారానికి ముందు మార్కెట్ రీసెర్చ్: ఏది ముందు నేర్చుకోవాలి, ఎంతమందిని అడిగితే చాలు?

కొత్తదారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇళ్ళకే వెళ్ళి సైకిళ్ళు సర్వీసు చేసే చిన్న వ్యాపారం పెట్టాలనుకుంటున్నాను. షాపు ఉండదు. పనిముట్ల పెట్టె, బండి, నేను ఒక్కడినే. రిపేరు పని వచ్చు, మార్కెట్ రీసెర్చ్ మాత్రం అ ఆ ల నుంచి నేర్చుకోవాలి. ఆరు వారాల టైమ్ ఉంది, రోజూ సాయంత్రం రెండు గంటలు కేటాయించగలను.

ఇప్పటిదాకా చేసిందల్లా 28 ప్రశ్నలతో ఒక గూగుల్ ఫామ్ తయారు చేయడం. ఇంకా ఎవరికీ పంపలేదు. అందులో మూడు ప్రశ్నలు ఇవి:

"మీ ఇంటి దగ్గరే తక్కువ ధరకు, నాణ్యంగా సైకిల్ సర్వీసు చేస్తే మీకు ఉపయోగమేనా?"
"నెలకు సైకిల్ మీద ఎంత ఖర్చు పెడతారు?"
"ఇంటికి వచ్చి చేసే సర్వీసుకు ఎంత ఇవ్వగలరు?"

దీన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేయొచ్చా? ఎన్ని జవాబులు వస్తే నమ్మొచ్చు? మార్కెట్ సైజు అనే లెక్క మామూలు మనిషి చేయగలిగేదేనా? ధర ఎలా తేల్చాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెబితే మేలు.

అడుగుజాడ

ఫామ్ ఇప్పుడే పంపకండి. సర్వే అనేది మూడో మెట్టు, మీరు దాని మీద ముందే కాలు పెట్టారు.

మొదటి మెట్టు ఒక కాగితం. ఈ రీసెర్చ్ తర్వాత మీరు తీసుకోబోయే నిర్ణయం ఏమిటో దాని మీద ఒక్క వాక్యంలో రాయండి. "సైకిల్ మార్కెట్ గురించి తెలుసుకోవాలి" అన్నది నిర్ణయం కాదు. "ఈ ప్రాంతంలో, ఈ మూడు రకాల కస్టమర్లలో ఎవరితో మొదలుపెట్టాలి, లేక అసలు మానుకోవాలా" అన్నది నిర్ణయం. దాని కింద, ఏం తేలితే మానుకుంటారో కూడా ముందే రాసి తారీకు వేయండి. జవాబులు వచ్చాక ఈ గీత గీస్తే అది మనసుకు నచ్చిన చోటికి జరిగిపోతుంది. ఇక ఫామ్‌లో ఉన్న ఒక్కో ప్రశ్ననూ ఆ వాక్యం పక్కన పెట్టి చూడండి. జవాబు ఎలా వచ్చినా మీ నిర్ణయం మారకపోతే ఆ ప్రశ్న అక్కర్లేదు. 28లో సగానికి పైగా అక్కడే రాలిపోతాయి.

రెండో మెట్టు మనుషులతో మాట్లాడటం. ముఖాముఖి, ఒక్కొక్కరితో, 20 నుంచి 30 నిమిషాలు. సర్వేలో ఆప్షన్లు మీరు ఇస్తారు కాబట్టి మీకు తెలియని సంగతి దాంట్లోంచి బయటికి రాదు. మాటల్లో వస్తుంది.

ఎవరితో మాట్లాడాలన్నది ముందు తేల్చుకోండి. "సైకిల్ ఉన్నవాళ్ళు" అంటే ఒక గుంపు కాదు. పిల్లల సైకిళ్ళున్న తల్లిదండ్రులు, రోజూ సైకిల్ మీద పనికి వెళ్ళేవాళ్ళు, ఖరీదైన సైకిళ్ళతో వ్యాయామానికి తిరిగేవాళ్ళు, డెలివరీ పని చేసేవాళ్ళు, ఎవరి బాధ వాళ్ళది. డెలివరీ చేసే మనిషికి సైకిల్ ఆగితే ఆ పూట ఆదాయం ఆగుతుంది. పిల్లల సైకిల్ పంక్చరైతే అది నెల రోజులు గోడకు ఆనించి ఉండొచ్చు. ఒక్కో రకం నుంచి ఐదారుగురితో మాట్లాడండి. ఆరో మనిషి చెప్పేది మొదటి ఐదుగురి మాటల్లోనే ఇమిడిపోతుంటే ఆ గుంపుకు అది చాలు. గెస్ట్, బన్స్, జాన్సన్ అనే పరిశోధకులు 2006లో 60 ఇంటర్వ్యూలను వరసగా విశ్లేషించి చూస్తే, ముఖ్యమైన విషయాలన్నీ మొదటి 12లోనే దాదాపుగా వచ్చేశాయి, ప్రధానమైనవి మొదటి ఆరులోనే కనిపించాయి. అయితే వాళ్ళు మాట్లాడింది ఒకే తరహా మనుషులతో. నాలుగు గుంపులను కలిపేసి పన్నెండుగురితో ముగించేస్తే ఈ లెక్క పనిచేయదు.

ఏం అడగాలి? జరిగిపోయినదాన్ని అడగండి. "చేస్తారా, కొంటారా, బాగుంటుందా" అని అడిగితే మనవాళ్ళు మొహమాటానికి అవుననేస్తారు. అది అబద్ధం కూడా కాదు, ఎదుటి మనిషిని నొప్పించకూడదన్న మర్యాద. జరిగినదాని మీద మొహమాటానికి చోటు తక్కువ. "మీ సైకిల్ చివరిసారి ఎప్పుడు మొరాయించింది? ఏమైంది? అప్పుడు ఏం చేశారు? షాపుదాకా ఎలా తీసుకెళ్ళారు? మళ్ళీ చేతికి ఎప్పుడొచ్చింది? ఎంతైంది? ఆ నాలుగు రోజులూ ఎలా తిరిగారు?" ఇంతే. ప్రతి జవాబు తర్వాత మనసులో ఐదు లెక్కపెట్టండి, నోరు తెరవకండి. ఆ నిశ్శబ్దం భరించలేక వాళ్ళు చెప్పే రెండో మాటలోనే అసలు సంగతి ఉంటుంది.

మీ ఐడియా చివరి ఐదు నిమిషాల దాకా బయటపెట్టకండి. ఒకసారి చెప్పాక అది ఇంటర్వ్యూ కాదు, అమ్మకం. అప్పుడు కూడా పొగడ్తను లెక్కలోకి తీసుకోకండి. "భలే ఐడియా అండీ" అన్నవాళ్ళు ఎంతమందో అనవసరం. "వచ్చే శనివారం మా రెండు సైకిళ్ళూ చూస్తారా?" అన్నవాళ్ళను లెక్కపెట్టండి.

నోట్సు రెండు గడులుగా రాసుకోండి. ఎడమవైపు వాళ్ళ నోటి మాట అక్షరం పొల్లుపోకుండా, కుడివైపు మీకు అర్థమైంది. ఉదాహరణకు ఎడమవైపు: "షాపాయన రేపు రమ్మంటాడు, రేపు వెళితే ఎల్లుండి అంటాడు." కుడివైపు: "ఆలస్యం కన్నా మాట తప్పడం బాధ." ఈ రెండూ కలిపి రాసేస్తే పది ఇంటర్వ్యూల తర్వాత ఏది వాళ్ళ మాటో ఏది మీ ఊహో తెలియదు. ఇంకో లాభం కూడా ఉంది: ఎడమవైపు గడిలోని మాటలే రేపు మీ కరపత్రంలో రాసుకోవడానికి పనికొస్తాయి.

చుట్టాలూ స్నేహితులూ వద్దు. వాళ్ళ ద్వారా వాళ్ళకు తెలిసినవాళ్ళను పట్టుకోండి, అది పర్వాలేదు.

శాంపిల్‌సైజు

పైన చెప్పినదంతా నిజం. నేను అంకెల సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది బోల్తా పడేది అక్కడే.

"ఎన్ని జవాబులు వస్తే నమ్మొచ్చు" అన్న ప్రశ్న కన్నా ముందు "ఆ జవాబులు ఎవరి దగ్గర్నుంచి వచ్చాయి" అన్న ప్రశ్న ఉంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని ప్రకటించింది. అతని ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పేర్లు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్ళంటే కాస్త కలిగినవాళ్ళు. పైగా పంపినవాళ్ళలో నాలుగో వంతు మందే తిప్పి పంపారు, వాళ్ళలో రూజ్‌వెల్ట్ మీద కోపం ఉన్నవాళ్ళ పాలు ఎక్కువ. అంతకన్నా ఎంతో చిన్న శాంపిల్‌తో (అంటే అడగడానికి ఎంచుకున్న గుంపుతో) జార్జ్ గాలప్ అనే సర్వేల నిపుణుడు విజేతను సరిగ్గా చెప్పాడు. మీ వాట్సాప్ గ్రూపులు మీ వయసువాళ్ళు, మీ చదువువాళ్ళు, మీకు తెలిసినవాళ్ళు. అందులోంచి వెయ్యి జవాబులొచ్చినా తప్పు తగ్గదు. అదే తప్పు మరింత గట్టిగా వినిపిస్తుంది, అంతే.

శాంపిల్ సరిగ్గా ఎంచుకుంటే అప్పుడు సైజు లెక్క సులువు. 1ని జవాబుల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే, 95 శాతం నమ్మకంతో (వందసార్లు సర్వే చేస్తే దాదాపు 95 సార్లు) మీ జవాబుకూ అసలు నిజానికీ మధ్య తేడా ఎంత దాకా ఉండొచ్చో దాదాపుగా వస్తుంది. 100 జవాబులకు అటూ ఇటూ 10 శాతం. 400కు 5 శాతం. 1,100కు 3 శాతం. తేడా సగం కావాలంటే జవాబులు నాలుగింతలు కావాలి. ఇంకో సంగతి, మార్కెట్ పెద్దదైనా చిన్నదైనా ఈ లెక్క పెద్దగా మారదు. ఊళ్ళో 20 వేల మంది ఉన్నా 20 లక్షల మంది ఉన్నా 400 అంటే 400.

మీ నిర్ణయానికి 100 చాలు, కానీ వీధుల్లోంచి తీసిన 100 కావాలి. మీరు బండి మీద 20 నిమిషాల్లో చేరుకోగల ప్రాంతాన్ని మ్యాపులో గీసి పది ముక్కలు చేయండి. ఇళ్ళ సంఖ్య అన్నిట్లో ఇంచుమించు సమానంగా ఉండేలా చూసుకోండి. ఒక్కో ముక్కలో ఒక మొదలు ఇల్లు ఎంచుకుని అక్కడి నుంచి ప్రతి ఏడో ఇంటి తలుపు తట్టండి, పది ఇళ్ళు అయ్యేదాకా. తలుపు తీయకపోతే పక్కింటికి పోకండి, ఇంకో రోజు వేరే సమయంలో మళ్ళీ వెళ్ళండి. పగలు ఇంట్లో దొరికేవాళ్ళే మీ లెక్కలో నిండిపోతే ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు మాయమవుతారు. సైకిల్ లేని ఇల్లు దొరికితే "లేదు" అని రాసుకోండి, వదిలేయకండి. మార్కెట్ సైజు లెక్కకు ఆ "లేదు" లే పునాది.

ఇప్పుడు మీ మూడు ప్రశ్నలు. మొదటిదాంట్లో మూడు ప్రశ్నలు దాక్కున్నాయి: ఇంటి దగ్గర, తక్కువ ధర, నాణ్యత. ఒకాయన ధర చూసి అవునంటాడు, మీరేమో ఇంటి దగ్గరికి రావడం నచ్చిందనుకుంటారు. పైగా "తక్కువ ధరకు నాణ్యంగా" అంటే కాదనే మనిషి ఎవరు? దాన్ని తీసేయండి. రెండోది గుర్తుండే లెక్క కాదు, సైకిల్ ఖర్చు నెలనెలా ఉండదు. దాని బదులు "గత 12 నెలల్లో సైకిల్ రిపేరుకు ఎన్నిసార్లు డబ్బు ఇచ్చారు?" అని అడిగి 0, 1, 2, 3 అంతకన్నా ఎక్కువ, గుర్తులేదు అని ఆప్షన్లు పెట్టండి. "గుర్తులేదు" తప్పకుండా ఉండాలి, లేకపోతే ఏదో ఒకటి నొక్కేస్తారు. పాత సంగతులు మొన్నమొన్నే జరిగినట్టు అనిపించడం మనిషి జ్ఞాపకానికి సహజం, అందుకని రెండేళ్ళూ మూడేళ్ళూ అడగకండి.

అంకెల ఆప్షన్లు ఒకదాని మీద ఒకటి పడకుండా చూడండి. 10–20, 20–30 అని పెడితే 20 ఉన్నవాడు ఎక్కడ నొక్కాలి? వయసు, ఆదాయం లాంటివి చివర్లో పెట్టండి, మొదట్లోనే అడిగితే ముఖం ముడుచుకుంటారు. సైకిల్ ఉందా లేదా అన్నది మాత్రం మొదటి ప్రశ్నే కావాలి. మొత్తం 10, 12 ప్రశ్నలు, ఐదు నిమిషాలు. బయటికి వెళ్ళే ముందు ఐదుగురి చేత మీ ముందే పూరింప చేయించండి, చదువుతూ మనసులో అనుకున్నదల్లా పైకి చెప్పమనండి. "సర్వీసు అంటే పంక్చరు కూడానా?" అని ఒకరు అడిగితే ఆ ప్రశ్న తిరగరాయాల్సిందే.

కూడికతీసివేత

మార్కెట్ సైజు సంగతి. "దేశంలో సైకిల్ మార్కెట్ ఇంత, అందులో నాకు 1 శాతం వచ్చినా..." అని పైనుంచి దిగే లెక్క వద్దు. ఆ 1 శాతం ఎక్కడి నుంచి వస్తుందో ఆ లెక్క చెప్పదు. కిందనుంచి కట్టండి.

అంకెలు నేను ఊరికే తీసుకుంటున్నాను, మీవి పెట్టుకోండి. మీ 20 నిమిషాల ప్రాంతంలో 6,000 ఇళ్ళు ఉన్నాయనుకుందాం (ఇళ్ళ సంఖ్య జనాభా లెక్కల్లోనో స్థానిక సంస్థ రికార్డుల్లోనో దొరుకుతుంది, అవి ఏ ఏడాదివో మాత్రం చూసుకోండి). 100 ఇళ్ళ సర్వేలో 38 ఇళ్ళలో వాడుకలో ఉన్న సైకిల్ ఉంది. ఆ 38లో 21 ఇళ్ళు గత ఏడాది రిపేరుకు డబ్బు ఇచ్చాయి, సగటున ఒకటిన్నర సార్లు. అంటే 6,000లో 38 శాతం 2,280. అందులో 55 శాతం (38లో 21) 1,254. ఒకటిన్నరతో గుణిస్తే ఏడాదికి సుమారు 1,880 సర్వీసులు. ఇది మొత్తం గిరాకీ, మీది కాదు.

దీని పక్కన బ్రేక్ ఈవెన్, అంటే లాభం నష్టం లేకుండా ఖర్చులు సరిపోవడానికి ఎన్ని సర్వీసులు కావాలో, పెట్టండి. ఒక సర్వీసుకు 100 తీసుకుంటారు, విడిభాగాలూ బండి ఇంధనమూ కలిసి 40 పోతాయి, 60 మిగులుతాయి. పని ఉన్నా లేకపోయినా నెలకు 1,500 ఖర్చు (ఫోను, బండి వాయిదా, ఇన్సూరెన్సు, అన్నిటికన్నా ముందు మీ జీతం, దాన్ని వదిలేస్తే లెక్క అంతా తప్పు). 1,500ను 60తో భాగిస్తే నెలకు 25 సర్వీసులు, ఏడాదికి 300. అంటే 1,880లో 16 శాతం మీ దగ్గరకు రావాలి. ఎవరికీ తెలియని కొత్త మనిషికి మొదటి ఏడాదే ప్రతి ఆరు రిపేర్లలో ఒకటి రావడం చాలా పెద్ద కోరిక.

ఇప్పుడు శాంపిల్‌సైజు గారు చెప్పిన తేడా కలపండి. 38 శాతం అంటే నిజానికి 28 నుంచి 48 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ 55 శాతం వచ్చింది 38 ఇళ్ళ నుంచే కాబట్టి 39 నుంచి 71 దాకా సాగుతుంది. రెండూ కిందకే ఉంటే ఏడాదికి 980 సర్వీసులు, రెండూ పైకే ఉంటే 3,070. రెండూ ఒకేసారి ఒకే కొసకు పోవడం అరుదు, అయినా కింది కొస చూడండి: అక్కడ బతకాలంటే 30 శాతం వాటా కావాలి. పై కొసలో 10 శాతం చాలు. ఒక్క అంకె పట్టుకుని కూర్చుంటే ఇది కనిపించదు. ఇలాంటి లెక్క వచ్చినప్పుడు మానుకోవడం ఒకదారి. ప్రాంతం పెంచడం, ఏడాదికి ఆరేడుసార్లు రిపేరు అవసరమయ్యే డెలివరీ వాళ్ళ వైపు తిరగడం, కుదిరితే ఖర్చు తగ్గించడం మిగతా దారులు. ఏ దారి పట్టినా లెక్క మళ్ళీ మొదటినుంచి వేయాలి.

ఇంకో హద్దు కూడా చూసుకోండి. ఒక సర్వీసు గంట, దారి అరగంట. రోజుకు ఎనిమిది గంటలు పనిచేస్తే ఐదు సర్వీసులకు మించవు. ఫోన్లు ఎత్తడం, సామాను తేవడం కలిపితే నాలుగే. గిరాకీ ఎంత ఉన్నా ఒంటి మనిషికి అదే పైకప్పు.

సీజన్ మర్చిపోకండి. మీరు సర్వే చేసిన నెల మంచి సీజనైతే జనం చెప్పేది కూడా ఆ ఊపులోనే ఉంటుంది. జనం గూగుల్‌లో ఏ మాట ఎప్పుడు ఎక్కువ వెతికారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో సైకిల్ రిపేరుకు సంబంధించిన మాటలు కొట్టి ఐదేళ్ళ గ్రాఫు చూడండి, ఏటా ఒకే నెలల్లో లేస్తోందా పడుతోందా అని. 2004 నుంచి డేటా ఉంది. అయితే అక్కడ కనిపించే 0 నుంచి 100 అనేది వెతికినవాళ్ళ సంఖ్య కాదు. మీరు ఎంచుకున్న కాలంలో గరిష్ఠాన్ని 100 అనుకుని మిగతావి దానితో పోల్చి చూపిస్తుంది. చిన్న ప్రాంతం, అరుదైన మాట అయితే 0 అని చూపించినా అసలు ఎవరూ వెతకలేదని అర్థం కాదు, లెక్కకు తగినంత లేదని అర్థం.

నాలుగురోడ్లు

పోటీ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఆ ముక్క కలుపుతున్నాను.

"నాకు పోటీ ఎవరూ లేరు" అనే మాట చాలాసార్లు వెతకలేదని చెబుతుంది. మీ పోటీ ఇంటికొచ్చే మరో మెకానిక్ ఒక్కడే కాదు. మూల మీద షాపు, కొన్నచోట ఇచ్చే ఫ్రీ సర్వీసు, వీడియో చూసి సొంతంగా బాగుచేసుకోవడం, అన్నిటికన్నా పెద్దది "ఏమీ చేయకపోవడం". గోడకు ఆనించిన సైకిల్ కూడా మీ పోటీదారే. అడుగుజాడ గారి ప్రశ్నల్లో "అప్పుడు ఏం చేశారు" అన్నదానికి వచ్చే జవాబులే ఈ జాబితా.

దగ్గర్లోని షాపులకు మామూలు కస్టమరుగా వెళ్ళి సైకిల్ ఇచ్చి డబ్బిచ్చి చేయించుకోండి. ఐదు సంగతులు రాసుకోండి: ధర ముందే చెప్పారా, ఎప్పుడిస్తామన్నారు, ఎప్పుడిచ్చారు, ఏం మార్చారో చూపించారా, రసీదు ఇచ్చారా. రెండు వారాలు నిండా పని ఉందంటే అక్కడ తీరని గిరాకీ ఉంది. వెళ్ళగానే తీసుకుంటే షాపే ఖాళీగా ఉంది, అది మీకు హెచ్చరిక. బయట రోడ్డు మీద నిలబడి గంటలో ఎన్ని సైకిళ్ళు లోపలికి వెళ్ళాయో లెక్కపెట్టొచ్చు. పనిదినం, సెలవురోజు, ఉదయం, సాయంత్రం విడివిడిగా లెక్కించాలి. ఒక్క శనివారం సాయంత్రం లెక్క పట్టుకుని వారమంతా అలాగే ఉంటుందనుకుంటే తప్పుతుంది.

ఆన్‌లైన్ రివ్యూల్లో ఒకటి, రెండు, మూడు చుక్కలవి మాత్రమే తీసుకుని 50 చదవండి. ఒక్కోదానికి పక్కన ఒక మాట రాయండి: ఆలస్యం, ధర మార్చారు, మళ్ళీ పాడైంది, మాట తీరు. చివర్లో కూడండి. రివ్యూ రాసేది బాగా సంతోషపడ్డవాళ్ళో బాగా మండిపోయినవాళ్ళో కాబట్టి "ఇంత శాతం మందికి ఈ సమస్య" అని దాన్నుంచి చెప్పలేం. ఏ సమస్యలు ఉన్నాయి, వాటిని ఏ మాటల్లో చెప్పుకుంటున్నారు అన్నది తెలుస్తుంది. ఎంతమందికి ఉందన్నది మీ 100 ఇళ్ళ సర్వే తేల్చాలి.

కొత్తదారి

అందరికీ చాలా థాంక్స్. ఫామ్ 28 నుంచి 11 ప్రశ్నలకు వచ్చింది. ధర ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. "ఎంత ఇవ్వగలరు" తీసేసి, "ఇంటికి వచ్చి పూర్తి సర్వీసు 100కు చేస్తే చేయించుకుంటారా? అవును / కాదు" అని పెట్టాను. ఇది సరేనా?

గీటురాయి

కాస్త నయం, కానీ ఇంకా సరిపోదండీ. ఒక్క ధరే చూపిస్తే ఆ ధర దగ్గర ఏమంటారో తెలుస్తుంది, 80 దగ్గరా 130 దగ్గరా తెలియదు. రెండు మార్గాలున్నాయి.

ఒకటి, గేబర్, గ్రాంజర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తల పేరున ఉన్న పద్ధతి. ఐదు ధరలు అనుకోండి, 70, 85, 100, 120, 140. ఒకరికి వాటిలో ఏదో ఒకటి యాదృచ్ఛికంగా చూపించండి. కొంటానంటే ఇంకా పెద్దది, కొననంటే ఇంకా చిన్నది చూపించి, వాళ్ళు ఒప్పుకునే గరిష్ఠ ధర పట్టుకోండి. అందరికీ ఒకే ధరతో మొదలుపెట్టకండి, మొదట విన్న అంకె బుర్రలో నిలిచిపోయి తర్వాతి జవాబులన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. అయిపోయాక ఒక్కో ధర దగ్గర ఒప్పుకున్న శాతాన్ని, ఆ ధరలో ఖర్చు పోను మిగిలేదాన్ని గుణించండి. ఎక్కడ పెద్దదొస్తే అక్కడ లాభం ఎక్కువ. 85కు 50 శాతం మంది ఒప్పుకుని 45 మిగిలితే, వందమందికి 2,250. 120కి 30 శాతమే ఒప్పుకున్నా 80 మిగులుతుంది, 2,400. తక్కువ మందితో, తక్కువ తిరుగుడుతో ఎక్కువ మిగిలింది. రోజుకు నాలుగు సర్వీసులే చేయగల మీకు ఈ తేడా చాలా ముఖ్యం.

రెండోది డచ్ ఆర్థికవేత్త వాన్ వెస్టెండార్ప్ 1976లో ప్రతిపాదించిన నాలుగు ప్రశ్నలు. ఏ ధర దగ్గర ఇది మరీ ఎక్కువై అసలు వద్దనుకుంటారు? ఏ ధర దగ్గర మరీ తక్కువై పని మీద అనుమానం వస్తుంది? ఏ ధర దగ్గర ఎక్కువే అయినా ఆలోచిస్తారు? ఏ ధర దగ్గర ఇది మంచి బేరం అనిపిస్తుంది? ధర గురించి మీకే ఏ అంచనా లేనప్పుడు ఇది పనికొస్తుంది, ముఖ్యంగా రెండో ప్రశ్న. చవగ్గా పెడితే ఎగబడతారనుకుంటాం గానీ, బ్రేకులు ముట్టుకునే మనిషి మరీ చవగ్గా ఉంటే జనం భయపడతారు.

ఏ పద్ధతైనా అడిగే ముందు "పూర్తి సర్వీసు"లో ఏముందో ఒక కార్డు మీద రాసి చూపించండి. చెయిన్ శుభ్రం చేసి నూనె, బ్రేకులు, గేర్లు సర్దడం, చక్రం వంకర తీయడం, విడిభాగాల ధర వేరే, అని. అది లేకపోతే ఒక్కొక్కరూ ఒక్కో సర్వీసుకు ధర చెబుతారు.

"అవును / కాదు" కూడా వదిలేసి జస్టర్ స్కేలు వాడండి. 0 నుంచి 10 దాకా, 0 అంటే వందలో ఒక్క వంతు కూడా కష్టం, 10 అంటే వందలో 99 వంతులు ఖాయం. "వచ్చే మూడు నెలల్లో చేయించుకునే అవకాశం ఎంత?" 6 నొక్కిన మనిషిని 0.6 మనిషిగా లెక్కేయాలి. అవునా కాదా అని అడిగితే ఈ 4, 5, 6 వాళ్ళంతా మర్యాదకు "అవును"లో చేరిపోతారు.

ఇంత చేసినా ఇదంతా మాటే. అడిగిన ప్రశ్నకే జవాబు వస్తుంది, అడగనిదానికి రాదు. 1985 ఏప్రిల్‌లో కోకాకోలా కంపెనీ సుమారు 2 లక్షల రుచి పరీక్షల తర్వాత కొత్త ఫార్ములా దించింది. పరీక్షల్లో కొత్తదే గెలిచింది. 79 రోజుల్లో పాతదాన్ని మళ్ళీ తేవాల్సి వచ్చింది. పరీక్షలు కొలిచింది రుచిని, పాతది ఇక దొరకదంటే జనానికి ఎలా ఉంటుందన్నదాన్ని కాదు.

అందుకని చివరి రెండు వారాలు అమ్మి చూడటానికే ఉంచుకోండి. సర్వే చేయని వీధుల్లో, మీరు ఎవరో తెలియని 60 మంది సైకిల్ యజమానులకు కార్డు చూపించి, ధర చెప్పి, తారీకు, టైమ్ ఇచ్చి, కొంచెం అడ్వాన్సు అడగండి. ఎంత చిన్నదైనా సరే, జేబులోంచి డబ్బు తీయడం దగ్గరే మాట తేలిపోతుంది. పని చేయలేకపోతే అడ్వాన్సు పూర్తిగా తిరిగిస్తానని రాసివ్వండి, ఇచ్చిన టైమ్‌కు వెళ్ళండి. తెలిసినవాళ్ళు బుక్ చేస్తే సంతోషం, కానీ లెక్కలో వేయకండి.

60 మందిలో ఎవరూ ఇవ్వకపోతే? సున్నా వచ్చినప్పుడు వాడే సులువు లెక్క ఒకటుంది: 3ను 60తో భాగించండి, 5 శాతం. అడ్వాన్సు ఇచ్చేవాళ్ళ అసలు శాతం 95 శాతం నమ్మకంతో అంతకన్నా తక్కువే. పది మందిని అడిగి ఎవరూ ఇవ్వలేదని నిరాశపడితే అది తొందరపాటు, అక్కడ ఈ హద్దు 30 శాతం దాకా ఉంటుంది. 60 దగ్గర సున్నా అయితే మాత్రం కూడికతీసివేత గారి 16 శాతం వాటా గురించి గట్టిగా మళ్ళీ ఆలోచించాలి.

శాంపిల్‌సైజు

గీటురాయి గారు చెప్పినదానికి ఒక చిన్న జోడింపు. ఐదు ధరలను 38 మంది సైకిల్ యజమానుల మీద పంచితే ఒక్కో మొదటి ధరకు ఏడెనిమిది మందే వస్తారు. 85కూ 100కూ మధ్య తేడా అంత చిన్న లెక్కలో తేలదు. మూడు ధరలే పెట్టుకోండి, దూరదూరంగా, 70, 100, 140. వీలైతే ధర ప్రశ్న కోసమే ఇంకో 40 మంది యజమానులను విడిగా అడగండి, సైకిల్ స్టాండ్ల దగ్గర దొరుకుతారు. కానీ వాళ్ళు రోజూ తొక్కేవాళ్ళు కాబట్టి ఆ 40 మందిని మార్కెట్ సైజు లెక్కలో కలపకూడదు. షీట్‌లో వేరే రంగు వేసి ఉంచండి.

కొత్తదారి

అర్థమైంది. మూడు ధరలు, కార్డు, జస్టర్ స్కేలు. ప్రాంతాన్ని పది ముక్కలుగా గీశాను. ఒక ముక్కలో అన్నీ గేటు ఉన్న అపార్ట్‌మెంట్లే, లోపలికి రానివ్వరు. దాన్ని వదిలేసి పక్క ముక్కలో 20 ఇళ్ళు చేయొచ్చా?

అడుగుజాడ

వదలకండి. పిల్లల సైకిళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే కావచ్చు, అదే నిజమైతే దాన్ని వదిలేసిన లెక్క మొత్తం కిందకు పడుతుంది. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళకు ముందుగా ఒక ఉత్తరం ఇవ్వండి: మీరెవరు, ఏం అడుగుతారు, ఎన్ని నిమిషాలు, పేర్లూ ఫోన్ నంబర్లూ తీసుకోరని. నంబరు తీసుకోవాల్సి వస్తే జవాబుల షీట్‌లో కాకుండా వేరే కాగితం మీద, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి తీసుకోండి. అప్పటికీ కుదరకపోతే గేటు బయట సాయంత్రం నిలబడి వచ్చే ప్రతి ఐదో మనిషిని అడగండి. ఆ పది జవాబుల పక్కన "గేటు దగ్గర" అని రాసి ఉంచండి, మిగతా తొమ్మిది ముక్కలతో పోల్చినప్పుడు తేడా కనిపిస్తే కారణం వెతుక్కోవడానికి అది కావాలి.